వదులు తీగల మావయ్య

వాన ఆగేదాకా ఎవరూ ఎక్కడికీ కదల్లేరని తెలిస్తే చాలు, మావయ్యకి గొంతు లేస్తుంది. ఆ రోజు వానకి తోడు కరెంటు కూడా పోయింది. ఇంకేం కావాలి ఆయనకి!

టీ కొట్టు రేకుల మీద చినుకులు దడదడలాడుతున్నాయి. లోపల పొయ్యి పక్కన గోడకి ఆనించి, గుడ్డ సంచిలో మావయ్య బేస్ గిటారు. దాని కాళ్ళ దగ్గర పెంపుడు కుక్కలా ఆయన పాత స్పీకరు పెట్టె. కరెంటు ఉంటే ఈపాటికి వాయించేసేవాడు. లేదు కాబట్టి నోరు వాయిస్తున్నాడు.

పిచ్చుక గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. పిచ్చుక అంటే ఆయన మేనకోడలు. మనిషి గుప్పెడంత, గొంతు వీధి చివరిదాకా. అందుకే ఆ పేరు. ఆమె పాడుతుంది, దర్జీ గిటారు వాయిస్తాడు. శనివారం పెద్ద హాల్లో వాళ్ళ పాట. అందరికీ తెలిసిన ఆ పాత రాక్ పాటే మొదట పాడాలని దర్జీ పట్టు. అది ఒట్టి బేస్‌తో మొదలవుతుంది. ఆ మోత అచ్చం ఆ పాటకి బేస్ వాయించిన మహానుభావుడు మోగించినట్టే ఉండాలి, లేకపోతే జనం ఈలలేసి దించేస్తారు. వాళ్ళ బేస్ కుర్రాడు వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయాడు. కాలితో నొక్కితే ఏ మోత కావాలంటే ఆ మోత పలికే మీటల పెట్టె ఉన్న ఇంకొకడి మీద దర్జీ కన్ను పడింది. "మా మావయ్యని ఒక్కసారి వినండి" అని పిచ్చుక బతిమాలింది. వినడానికే వచ్చాడు దర్జీ. ఇవాళ నచ్చితే సరి, లేదంటే రేపు ఆ మీటల పెట్టెవాడు.

పిచ్చుకకి ఇంకో బెంగ కూడా ఉంది. ఆ పాటలో పై స్వరం దగ్గర తన గొంతు చీలిపోతోంది. వెనకాల మావయ్య ఉంటే చీలదని ఎందుకో నమ్మకం. చిన్నప్పుడు అమ్మ పనికి వెళ్తే, ఆ స్పీకరు పెట్టెకి వీపు ఆనించి నిద్రపోయేది. ఎవరో పెద్ద చెయ్యి వీపు నిమిరినట్టుండేది. పాట అంటే ఏమిటో తెలియకముందే ఆ మోత తెలుసు తనకి. ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు ఆయనతో.

'వాయించు మావయ్యా, చెప్పకు' అనుకుంది మనసులో.

"నేనేం గొప్ప చెప్పుకోను" అన్నాడు మావయ్య. ఆయన గొప్పలన్నీ ఇలాగే మొదలవుతాయి. "ఏదో, ఆయన మోత వారం తిరక్కుండా పట్టేశాను, అంతే. అదీ నా తెలివి కాదు. అప్పట్లో టైర్ల కొట్లో పంచర్లేసుకునేవాణ్ణి. ఈ రేడియో బాబాయ్ దగ్గర టేప్ రికార్డర్ తెచ్చుకున్నా. అంతా బాబాయ్ చలవ, ఏ లోకాన ఉన్నా చల్లగా ఉండాలి."

"ఇక్కడే ఉన్నాన్రా" అన్నాడు మూల బల్ల మీంచి రేడియో తాత. రేడియోలు బాగుచేసి బాగుచేసి ఆయన చెవి మీద స్క్రూడ్రైవరుకి గాడి పడిపోయింది.

"ముందుగానే దండం పెట్టుకుంటున్నా బాబాయ్. సరే, క్యాసెట్ పెట్టా. అబ్బ, ఏం మోతరా అది! బావిలో పెద్ద కుండ మునిగినట్టు. ఏనుగు నిద్దట్లో ఒత్తిగిల్లినట్టు. ఆ పాడేవాడైతే, కడుపునిండా తిని పడుకున్నవాణ్ణి లేపి నిలబెడితే పాడినట్టు, ఎంత బద్ధకంగా పాడతాడూ!"

"బద్ధకంగానా?" దర్జీ కనుబొమ్మలు ఎగరేశాడు. "కాలుతున్న పెనం మీద నిలబెట్టినట్టు గంతులేస్తూ పాడతాడు కదా మావయ్యగారూ!"

"నీ చెవులు కుట్టుమిషనుకి అలవాటు పడ్డాయి నాయనా, అన్నీ పరిగెడుతున్నట్టే వినిపిస్తాయి."

రేడియో తాత చెవి మీది స్క్రూడ్రైవరు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎంత మీటినా ఆ లోతు అందదే! లోకంలో అందరూ తీగలు బిగిస్తారు. అప్పుడు నాకేం తట్టిందో తెలుసా? ఈ మహానుభావుడు వదులు చేస్తాడు! అంతే, టైర్లో గాలి తీసినట్టు తీగల్లో బిగువు తీశా. దిగింది మోత. అయితే తీగలకి నా చేతి గ్రీజు పట్టి మూగబోయాయి. ఈ వదిన చలవ, ఈవిడ కెటిల్లో వేసి ఉడకబెట్టా."

"నాకు చెప్పకుండా!" అంది కొట్టు నడిపే టీ అత్త.

"ఆ రోజు టీ అమృతంలా ఉందన్నారా లేదా?"

"ఇనుము కంపు కొడుతోందని పారబోసి పోయారు."

"అమృతం అందరికీ పడదు వదినా. సరే, ఇంకా ఒక లోపం. మీటితే మోత ఆగదు, చుట్టంలా కూర్చుంటుంది. అప్పుడు మా అక్క, అంటే దీని అమ్మ, గిన్నెలు తోముతోంది. చేతిలో స్పాంజి రెండు ముక్కలు చేసి, ఒకటి తీగల కింద దోపి, 'ఇప్పుడు చూడు తమ్ముడూ' అంది. అక్క చెయ్యి పడితే కుదరనిదేముంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

స్పాంజి మాట నిజమే. ఇప్పటికీ ఆ తీగల కిందే ఉంది, పచ్చరంగు వెలిసిపోయి. ఇక్కడితో ఆపితే బావుండునని పిచ్చుక ఆయన చొక్కా లాగింది. ఆయన ఆగలేదు.

"ఒక్కసారి మీటా. ఈ వదిన గ్లాసులన్నీ వరసగా నడుచుకుంటూ వచ్చి బల్ల అంచున ఆగాయి."

"ఆగాయా?" అన్నాడు దర్జీ.

"ఆగక? మర్యాద తెలిసిన గ్లాసులు. రెండోసారి మీటా. కొట్లో గాలిపోయిన లారీ టైర్లు వాటంతటవే పొంగాయి. మా యజమాని గాలి మిషను అమ్మేశాడు, ఇక దేనికని. మూడోసారి మీటితే, వంతెన మీద రైలు నా తాళానికి అడుగులేసింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే రైలయ్యా అది! ఆ రోజు రేపటి రైలు కూడా వచ్చేసింది."

"మరి రేపు ఎక్కాల్సినవాళ్ళు?" అంది టీ అత్త.

"నిన్ననే దిగిపోయారు. అడ్డుపడకు వదినా, అసలు సంగతి వినండి. ఏడు సముద్రాల అవతల ఆ మహానుభావుడు గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం వణికింది. 'ఎవడ్రా అక్కడ నా మోత మోగించేది?' అని సగం గడ్డంతో బయల్దేరాడు. సాయంత్రానికల్లా టైర్ల కొట్టు ముందు నిలబడ్డాడు, బుగ్గ మీద సబ్బు ఇంకా ఆరనే లేదు."

"ఏడు సముద్రాలు దాటినా ఆరలేదా?"

"మంచి సబ్బు. 'వాయించు' అన్నాడు. వాయించా. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు! ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు. నా భుజం తట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఎందుకేడ్చాడో ఇప్పటికీ అంతుపట్టదు నాకు."

దర్జీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వులో మీటల పెట్టెవాడు కనపడ్డాడు పిచ్చుకకి.

"ఒరేయ్" అన్నాడు రేడియో తాత. "సబ్బు సంగతి తర్వాత. తీగలు ఎంత వదులు చేశావు?"

"ఒక మెట్టు."

"పాట బద్ధకంగా సాగేది."

"అదే కదా అందం!"

"ఆ రోజు నువ్వు టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని పరిగెడుతుంటే వెనకనుంచి నేనేమని అరిచాను?"

మావయ్య తల గోక్కున్నాడు.

"'ఆగరా, దాని బెల్టు సాగిపోయింది, మార్చిస్తాను' అన్నాను. ఆగావా? బెల్టు సాగితే క్యాసెట్టు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పాడేవాడు ఆవలిస్తాడు, మోత పాతాళంలోకి దిగుతుంది. నువ్వు పట్టింది ఆ మహానుభావుడి మోత కాదురా అబ్బీ. నా సాగిన బెల్టు మోత!"

టీ కొట్టంతా గొల్లుమంది. దర్జీ నవ్వుతూనే ఫోను తీసి అసలు పాట పెట్టాడు. స్టీలు పళ్ళెంలో గోలీలు పోసినట్టు, గలగలా, ఉరుకులు పరుగులు. మావయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్ళూ తన ఇంటి గోడ మీది ఫొటోకి దండం పెట్టి, అది ఎవరి ఫొటోనో ఇప్పుడు తెలిసినవాడిలా ఉంది ఆయన మొహం.

"ఇదా!" అన్నాడు మెల్లగా. తర్వాత సంచి తాడు బిగించడం మొదలుపెట్టాడు. "ఆ మీటల పెట్టె అబ్బాయినే పిలవండమ్మా. మీకు కావలసింది ఇది. ఇది నా దగ్గర లేదు."

మావయ్య నోట అంత పొట్టి మాటలు పిచ్చుక ఎప్పుడూ వినలేదు. ఆమెకి కోతలే నయమనిపించింది.

అప్పుడే బల్బు వెలిగింది.

పిచ్చుక లేచి సంచి తాడు విప్పేసింది. స్పీకరు తీగ తీసుకెళ్ళి పొయ్యి వెనక ప్లగ్గులో గుచ్చింది. చిన్నప్పటిలా ఆ పెట్టెకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"వాయించు మావయ్యా" అంది. "నన్ను నిద్రపుచ్చినట్టు వాయించు."

ఆయన మీటాడు. బావిలో కుండ మునిగింది. పిచ్చుక వెన్నులో ఆ చెయ్యి మళ్ళీ కదిలింది. కళ్ళు మూసుకుని అదే పాట ఎత్తుకుంది, ఆయన ఈడ్చినంత నెమ్మదిగా, ఆయన దిగినంత కిందకి. ఆ పై స్వరం వచ్చింది. రోజూ అరిచి అరిచి చీల్చుకునే చోటు ఇవాళ ఒక మెట్టు దిగి వచ్చి, ఇదిగో అందుకో అన్నట్టు నిలబడింది. గొంతు చీలలేదు. బల్ల మీద ఒక గ్లాసు, నిజంగానే, బెత్తెడు దూరం జరిగింది.

పాట ఆగింది. దర్జీ తన గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. నవ్వడం లేదు. తీగలు బిగించే బిరడాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ, "ఎంత వదులు చెయ్యాలి మావయ్యగారూ?" అన్నాడు.

"మరి ఆ పెట్టె అబ్బాయి?" అన్నాడు మావయ్య నమ్మలేక.

"అతని దగ్గర ఎన్ని మీటలున్నా ఇది పలకదు. ఇది ఇంకెవరిదీ కాదు, మీదే."

పిచ్చుక పెట్టె దగ్గర్నుంచి లేవకుండానే ఆయన చెయ్యి అందుకుంది. రబ్బరులా గట్టిపడ్డ వేళ్ళు. "నాకు పాట నేర్పింది ఇదే మావయ్యా" అంది. ఎన్నాళ్ళుగానో నోట్లో ఉన్న మాట.

మావయ్య ముక్కు ఎగబీల్చాడు. అక్క స్పాంజిని వేలితో సర్దాడు. లేచి వెళ్ళి రేడియో తాత ముందు రెండు చేతులూ జోడించాడు. "నీ రుణం తీర్చుకోలేను బాబాయ్. ఆ రోజు బెల్టు మార్చి ఇచ్చుంటే నేనేమైపోయేవాణ్ణి? ఆ మహానుభావుడిలా గలగలలాడుకుంటూ తిరిగేవాణ్ణి."

"కూర్చోరా, టీ చల్లారిపోతోంది" అన్నాడు తాత, ఆయన గ్లాసు ముందుకి జరుపుతూ.

మావయ్య కూర్చున్నాడు. రెండు గుక్కలు తాగాడు. ఆ రెండు గుక్కలకే మనిషి మళ్ళీ పొంగాడు, గాలిపోయిన లారీ టైరులా.

"ఆఁ! ఇప్పుడర్థమైంది ఆయన ఎందుకేడ్చాడో! పాపం, తన మోతే అనుకుని అంత దూరం వచ్చాడు. విన్నాక తెలిసింది తనది కాదని. ఇలాంటిది తనకెందుకు రాలేదా అని కుమిలిపోయాడు. అవునా కాదా బాబాయ్?"

రేడియో తాత గ్లాసు దించాడు.

"సబ్బు కళ్ళలో పడి ఉంటుందిరా."