ఇంజినుకి పూసిన పసరు

"కూర్చో ఎస్తేరమ్మా, కూర్చో. పడుకున్న గేదె ఎక్కడికి పోతాది?"

అన్నవాడు కృపారావు. బెంగాలులోని రైల్వే ఊళ్ళో లోకో షెడ్డులో రిటైరై, మలంచా రోడ్డు టీ బడ్డీ బెంచీ మీద కొత్త డ్యూటీ ఎక్కినవాడు. ఎస్తేరమ్మ కూర్చోలేదు. ఆమె పాలగేదె ఈనిన కాడినుంచి లేవడం లేదు. ఒకే పక్క పడుకుని తుంటి మీద పుండ్లు పడ్డాయి. దాన్ని రెండో పక్కకి తిప్పడానికి నలుగురు మగాళ్ళ సాయం కోసం వచ్చింది. అది పోతే ఆమె పొయ్యి వెలగదు.

"మనుషులెందుకమ్మా, మందుండగా! నాదేటుంది, అంతా ప్రభువు కృప, నేను ఉత్త చెయ్యిని. ఎనభై ఎనిమిదిలో సాలువా సిపాయిల క్యాంపు కాడ ఒక బండి ఎద్దుకి కాడి ఒరుసుకుని మెడ మీద ఇంత పుండు. సీతాఫలం ఆకు నూరినాను, పసుపు కలిపినాను, కానుగ నూనె పోసినాను, ప్రార్థన చేసి రాసినాను. మానిపోనాది. ఇందులో గొప్పేటి లేదు, ఎవరు రాసినా మానుతాది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? పుండున్న చోట బొచ్చు మొలిచింది. మొలిచి ఊరుకుందా? సింహం జూలులాగ దిగిపోనాది. క్యాంపు సిపాయిలు ఆ ఎద్దుకి సెల్యూట్ కొట్టినారు!"

"తుపాకులు పేల్చలేదా బాబాయ్?" అన్నాడు ఫిట్టరు ఆర్థర్, టీ ఊదుకుంటూ.

"నమ్మకం లేనోడికి స్వస్థత లేదురా. విను. చేతికి మిగిలిన పసరు కాడికి తుడిచినాను. ఎండు కర్ర! తెల్లారేసరికి చిగుళ్ళు. బండి లాగతా లాగతా ఎద్దు తల తిప్పి తన కాడినే మేసేసింది."

"బాబాయ్, గేదె..." అంది ఎస్తేరమ్మ.

"అక్కడికే వస్తన్నాను. షెడ్డులో స్టీమింజిను బాయిలరు పగిలింది. సాహెబులు చేతులెత్తేసినారు. బెంగాలీ ఫోర్‌మన్ దాదా నా కాళ్ళ మీద పడినంత పని చేసినాడు. ఆ పసరే పట్టించి, గోనె కట్టి, ఒక కీర్తన పాడినాను. గోనె విప్పితే పగులు లేదు. పైన సన్నగా బొచ్చు!"

"ఏ రంగు?" అన్నాడు ఆర్థర్.

"నలుపే, ఇంజిను కదా. కూత వెయ్యమంటే అంబా అంది. బొగ్గక్కర్లేదు, గడ్డి చూపిస్తే చాలు, మన పొడుగాటి ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి పరుగే పరుగు!"

"ప్రభువుకి స్తోత్రం," అంది బెంచీ అంతా ఒక్క గొంతుతో.

"అయితే లే బాబాయ్," అంది ఎస్తేరమ్మ. "ఆ చెయ్యి మా గేదె మీద కూడా వెయ్యి."

కృపారావు గ్లాసులోకి చూశాడు. "వచ్చేవోణ్ణే తల్లీ. మోకాళ్ళు పట్టేసినాయి. కూర్చుంటే లేవలేకపోతన్నాను."

"మోకాలికి ఆ పసరు రాసుకోలేదేటి?"

"అది... పశువులకే పని చేస్తాది."

"ఇంజిను పశువేటి?"

ఎస్తేరమ్మ ఆర్థర్ వైపు తిరిగింది.

"లేవండి నాయనా, నలుగురూ లేవండి. ముందు ఈ బాబాయిని రెండో పక్కకి తిప్పండి. పొద్దుట్నుంచీ కదలకుండా ఉన్నాడు, ఈయనకీ పుండ్లు పడిపోతాయి. ఆనక మా గేదెని తిప్పుదాం."