ఎర్సీలియో టోపీలో పడ్డ తేలిక కణం

గ్రాన్ సాస్సో కొండ అడుగున ఉన్న ప్రయోగశాలలో ఒర్నెల్లా ఏళ్ల తరబడి, విశ్వమంతా ఉన్నా కంటికి కనబడని కృష్ణపదార్థపు తేలిక కణం కోసం కాపు కాస్తోంది. దొరికిందనుకున్న గుర్తు కాస్తా, దాన్ని పట్టడానికి పెట్టిన స్ఫటికం తనలో తాను చిటపటలాడిన చప్పుడేనని ఆ మధ్యాహ్నం తేలిపోయింది. సాయంత్రం దొమెనికా కాఫీకొట్టులో తలొంచుకుని కూర్చుంది. ప్రయోగశాలలో స్ఫటికాన్ని చల్లబరిచే యంత్రాలు చూసే ఎర్సీలియో వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"దీనికేనా ఇంత దిగులు? నేను పట్టానమ్మాయ్ దాన్ని! పోయిన శీతాకాలం యంత్రం మూత బిగిస్తున్నానా, చెవి పక్కనుంచి సుయ్‌మని ఏదో పోయింది. దోమేమో అనుకున్నా. కొండ కడుపులో, ఆ చలిలో దోమెక్కడిదీ? టోపీ తీసి ఒక్కటి విసిరా. పడింది!"

"టోపీలోనే?" దొమెనికా గ్లాసు తుడవడం ఆపింది.

"టోపీలోనే! దాని ముందు ప్రోటాను ఏనుగనుకో. ఎంత తేలికంటే, టోపీ పెట్టుకోగానే నేను కూడా గాల్లోకి లేచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను ఈడ్చుకుంటూ రాతిలోకి దూరింది, బురదలోకి మట్టగిడస దూరినట్టు! గొర్రెలు మేసే బయలు కిందుగా పోయాం, రోము కిందుగా పోయాం, సముద్రంలో చేపలు పక్కకి జరిగి దారిచ్చాయి..."

"తడవలేదూ?" దొమెనికా అడిగింది.

"రాతిలోంచి పోయేవాణ్ని నీళ్లేం చేస్తాయే! చివరికి జోడీల లోకంలో తేలాం. ప్రతి కణానికీ ఓ బరువైన జోడీ ఉంటుందని మీ లెక్కల్లో రాసుకుంటారే, అదే! కణానికేం ఖర్మ, అక్కడ అన్నిటికీ ఉన్నాయి. ఈ కొట్టుకి జోడీ కొట్టు, దొమెనికాకి జోడీ దొమెనికా..."

"బరువైనదా?" దొమెనికా గరిటె ఎత్తింది.

"నిన్ను నేను చూడలేదులే తల్లీ! నా జోడీని చూశా. గొర్రెల మందంత బరువు! పొట్ట మీద నలుగురు కూర్చుని పేకాడుతున్నారు. నన్ను చూడగానే ఆ నలుగుర్నీ దులిపేసి, కావలించుకుని, 'ఇక్కడే ఉండిపో, ఈ లోకానికి నువ్వే రాజువి' అని కాళ్లావేళ్లా పడ్డాడు."

ఒర్నెల్లా తలెత్తింది. "బాబాయ్, జోడీకి బరువొక్కటే కాదు తేడా. గుణం కూడా తిరగబడుతుంది."

"అంటే?"

"అంటే అతను గొప్పలు చెప్పడు, చెప్పిన పని చేస్తాడు. రేపు యంత్రాన్ని మళ్లీ చల్లబరచాలి. నువ్వెళ్లి ఆ రాజ్యం ఏలుకుని, పనికి అతన్ని పంపించు."

దొమెనికా పగలబడి నవ్వింది. ఒర్నెల్లా కూడా నవ్వేసి, చల్లారిపోయిన కాఫీ పక్కకి నెట్టి, వేడిగా ఇంకొకటి అడిగింది.