బద్ధకస్తులున్నారా ఈ ఇంట్లో?

మార్టూరు, 2003 జనవరి, పొద్దున ఏడు గంటలు. గ్రానైటు ఫ్యాక్టరీ మేస్త్రీ ఇషాక్, నాలుగు రోజులుగా పనికి రాని మార్కు కోసం వాళ్లింటికి వచ్చాడు. మార్కు భార్య సంతోషకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో చెల్లెమ్మా. వాణ్ణి ఓసారి లేపు."

"కూర్చో ఇషాకన్నా. టీ తాగు."

"టీకి రాలేదమ్మా. ఇవాళ కూడా రాకపోతే ఇంక రానే వద్దన్నాడు ఓనరు. మార్కుకి బద్ధకం పట్టిందట."

"నువ్వూ అదే అన్నావా?"

"నేనేమీ అనలా. మధ్యలో నన్నెందుకు ఇరికిస్తావు?"

"ఆదివారం చర్చి హాల్లో యూనియను లీడరు హయాత్ ఓ సినిమా వేశాడు. నువ్వూ వచ్చావుగా?"

"వచ్చా. రాతి దుమ్ము మీద సినిమా అని పిలిచాడు. తీరా చూస్తే క్యాసెట్టు తారుమారై జపానోళ్ల చలి పండగలు. మంచులో గోచీలు పెట్టుకుని చన్నీళ్లు కుమ్మరించుకోవడం. మనకేం పనికొస్తుంది అది?"

"రెండోది చూళ్లేదా? గడ్డి కోట్లు తొడుక్కుని, రాక్షసుల మొహాలు తగిలించుకుని ఇంటింటికీ వస్తారు. బద్ధకస్తులున్నారా ఈ ఇంట్లో అని తలుపులు బాదుతారు."

"చూశా. మా పిల్లలు జడుసుకున్నారు."

"ఇంటాయన ఏం చేశాడు? వాళ్లని కూర్చోబెట్టి తాగడానికి పోశాడు. మావాళ్లు కష్టపడే మనుషులని సాక్ష్యం చెప్పాడు. అప్పుడుగానీ కదల్లేదు వాళ్లు."

"అయితే నువ్వూ చెప్పు, వింటా. వాణ్ణి మాత్రం పంపు."

"పెళ్లాం మాట ఎవడికి కావాలి? మీ మిషను మీద చేసిన ఇమ్మానుయేలు దుమ్ముకి పోయినప్పుడు, పరిహారం అడిగితే వాళ్లావిడ మాట విన్నారా? మా దగ్గర చేయనే లేదన్నాడు ఓనరు. నువ్వు పక్కనే తల దించుకుని..."

"ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా? పిల్లలున్నవాణ్ణి."

"సరే, వదిలెయ్. మార్కు మాట చెప్పు. ఎదురరుగు మీద జైనాబమ్మ ఉంది, బోరింగు దగ్గర ఆడవాళ్లున్నారు. వాళ్లు వినేట్టు చెప్పు. చెబితే అడ్డు తప్పుకుంటా."

"ఏం చెప్పను?"

"మార్కు బద్ధకస్తుడా?"

"కాదు."

"గట్టిగా."

"కాదమ్మా, కాదు. పదకొండేళ్లు నా చేతి కింద చేశాడు."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, మా ఫ్యాక్టరీలోనే. పాలిషింగు మిషను మీద."

"ముక్కుకి గుడ్డ ఇచ్చారా?"

"సొంత తువ్వాలే కట్టుకునేవాడు. దుమ్ము తప్ప ఏమిచ్చారు గనక? రక్తం కక్కుకుంటూ కూడా మొన్నటిదాకా వచ్చాడు. చాలా? ఇక పిలువు."

"జైనాబమ్మా, విన్నావా?"

"విన్నానే తల్లీ. అందరం విన్నాం."

"ఇప్పుడు లోపలికి రా అన్నా. కాళ్ల వైపు నువ్వు పట్టుకో. తెల్లారుజామున పోయాడు."