తిరగరాసిన రెండు పేజీలు

నవ్వు బావా, నవ్వు! సర్జన్‌వి, నీకేం? నీ క్లాసంటే ముందు బెంచీ కోసం కొట్టుకుంటారు. నా క్లాసు మధ్యాహ్నం రెండింటికి. ఫ్యాన్ల కింద ఎనభై మందీ కునుకు. మూలనున్న అస్థిపంజరం ఒక్కటే తల వాల్చకుండా వింటుంది.

రోగి మాట వినడం ఎలా, వైద్యం ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది... ఇవీ నా పాఠాలు. "సర్, ఇది పరీక్షలో వస్తుందా?" ఇదీ వాళ్ల సందేహం!

అయినా ఒక పిల్ల వినేది. పెన్ను మూత కొరుక్కుంటూ, రెప్ప వేయకుండా.

ఒక రోగి పక్కన గంటసేపు కూర్చుని, జబ్బు వల్ల ఆ ఇంట్లో ఏం పోయిందో రెండు పేజీలు రాయమన్నాను. అందరూ పుస్తకాల్లోంచి దించేశారు. ఈ పిల్ల ఒక దర్జీ దగ్గర కూర్చుంది. తలనొప్పని వస్తే మూడు స్కాన్లు తీశారట. వాటికోసం కుట్టుమిషను అమ్మేశాడు. చివరికి తేలిందేమిటి? చూపు మందగించింది. కళ్లజోడు పెడితే నొప్పి పోయింది!

"ఇప్పుడు సూదిలో దారం ఎక్కుతోంది తల్లీ, కుట్టడానికి మిషనే లేదు" అన్నాడట. ఆ మాట అలాగే రాసింది. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను బావా.

ఆ ఆనందంలో బుద్ధి గడ్డి తిని, నోటీసు బోర్డుకి అంటించాను. స్కాన్లు రాసిన డాక్టరు పేరుతో సహా. ఎవరంటావా? మా ప్రిన్సిపాలుగారే!

పిలిచారు. గొంతు పెంచలేదు. "మాస్టారూ, ఇది వ్యాసమా, ఫిర్యాదా? మీరే దిద్దండి" అన్నారు. లేవబోతుంటే, "ఇంట్లో ఆవిడకెలా ఉంది? డయాలసిస్ వారానికి మూడుసార్లేగా?"

అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

నీ చెల్లెలి సంగతి నీకు తెలియనిదా? సిబ్బంది కుటుంబం కాబట్టి మా కాలేజీ ఆసుపత్రిలో ఉచితం. బయట ఎంతవుతుందో పిల్లలకి బోర్డు మీద లెక్క కట్టి చూపించేది నేనేగా! నువ్విస్తానంటావు... ఎన్నాళ్లిస్తావు బావా?

రాజీనామా రాయలేదనుకున్నావా? రెండుసార్లు రాశాను. జేబులో పెట్టుకుని దాని మంచం దాకా వెళ్లాను. ఆ గొట్టాల్లో దాని రక్తం వెళ్లి వస్తోంది. "ఏమిటండీ అలా ఉన్నారు?" అంది. ఏం లేదన్నాను. బయటికొచ్చి చింపేశాను.

ఆ పిల్లకి సున్నా వేశాను.

వచ్చింది. "ఎక్కడ తప్పు సర్?" అని అడిగింది. ఏం చెప్పమంటావు? "భావం బాగుందమ్మా, పద్ధతి లేదు" అన్నాను. దానికి అర్థమేమిటో నాకే తెలీదు! "సారీ సర్, మళ్లీ రాస్తాను" అంది.

నిన్న తెచ్చింది. దర్జీ లేడు. మిషను లేదు. సకాలంలో స్కాన్లు తీయించి ప్రాణం నిలిపిన వైద్యుడి కరుణ, రెండు పేజీల నిండా. ఒక్క అక్షరదోషం లేదు.

"ఇప్పుడు పద్ధతిగా ఉందా సర్?"

వెక్కిరిస్తోందేమోనని చూశాను బావా. లేదు. నిజంగానే అడుగుతోంది. వెక్కిరించినా బాగుండేది.

"ఉందమ్మా" అన్నాను. ఇరవైకి ఇరవై వేశాను.