కుమారస్వామి అడిగినవి

"పైపైన తుడుసుడు గాదన్నా. మొత్తం తీసెయ్యాలె. అది ఈ పెట్టెల ఉండెనన్న జాడ గూడ ఉండద్దు."

లక్సెట్టిపేట బస్టాండు వెనక సందులో సదానందం కంప్యూటర్ల దుకాణం. మిట్టమధ్యాహ్నం ఆటోలో సీపీయూ వేసుకుని వచ్చిన నర్మద, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె భర్త కుమారస్వామి రేపు దుబాయి నుంచి దిగుతున్నాడని సదానందానికి తెలుసు. ఎనిమిదో తరగతి దోస్తులు వాళ్లు. ఇద్దరి చదువూ అక్కడే ఆగింది.

"ఏంది తీసేది చెల్లె? సక్కగ చెప్పు."

"గదే. నెట్టు సూసే గుండ్రం బొమ్మ."

"బ్రౌజరా? దానికేమైంది?"

"మెల్లగ నడుస్తుంది."

"మెల్లగ నడిస్తె తీసేస్తరా? పాతగైంది, అప్డేట్ అడుగుతుంది. పది నిమిషాల్ల చేసిస్త, మంచిగ ఉరుకుతది."

"అప్డేట్ అద్దు. తీసెయ్యి."

"మరి మీ బిడ్డ అమూల్య క్లాసులు?"

"ఇంకోటి ఎక్కియ్యి. వేరే రంగుది."

"వేరే రంగుదా? ఇదేమన్న చీరెల దుకాణమా చెల్లె?"

"నీకు దండం పెడ్త, జల్ది కానియ్."

"మొగడు రేపు దిగుతుండంటె ఆడోళ్లు ఇల్లు అలుకుతరు. నువ్వు కంప్యూటర్ అలుకుతున్నవ్."

"నువ్వేమన్న అనుకో. తీసెయ్యి."

"నేనేమనుకుంటున్ననో ఎరికేనా?"

"ఎరికే. నీ మొకంల కనవడుతుంది."

"మరి కాదని అనవేంది?"

"అంటె నమ్ముతవా?"

"చూడు నర్మదా. రెండున్నరేండ్ల కింద దీన్ని ఎక్కించింది నేను. మావోడు గీ కుర్చీలనే కూసొని, ఇల్లు పైలం సదానందం అని నా చెయ్యి వట్టుకొని చెప్పి పోయిండు. వాన్ని అడగకుంట నేను ముట్ట. ఆగు, ఫోన్ చేస్త."

"అన్నా, అద్దు."

"ఒక్క మాట అడుగుత. నీ పెండ్లాం గిట్ల తుడవమంటుంది, తుడవాల్నా అని."

"ఫోన్ కింద పెట్టు."

"నంబర్ కొట్టిన."

"పెట్టెయ్యి. నా అమూల్య మీద ఒట్టు, పెట్టెయ్యి. అండ్ల ఏమున్నదో నువ్వే సూడు. నువ్వే సదువు."

సదానందం ఫోను కట్ చేసి బల్ల మీద బోర్లా పెట్టాడు. సీపీయూకు తెర, నెట్టు తీగ తగిలించాడు. పాత వెతుకులాటల వరుస తెర మీదికి వచ్చింది.

"ఇవి నువ్వు వెతికినయా?"

"నాకు అక్షరాలు కొట్టరాదు."

"అమూల్యనా?"

"పక్కనున్న టైము సూడు. గప్పుడు పిల్ల కాలేజిల ఉంటది."

"'కంపెనీ బంద్ అయితే జీతం ఇస్తరా.' 'నాలుగు నెలల నుంచి పని లేదు ఎవరికి చెప్పాలె.' నర్మదా, ఇవి..."

"ఆయనయే. నోటితోని చెప్తె ఫోను రాసుకుంటదట గదా. సదువుతుంటె ఆయన గొంతు ఇనవడుతుంది నాకు. ఆడ మాట్లాడింది నా ఇంటికెట్ల వచ్చిందో నువ్వు చెప్పాలె."

"నేనే చేసిన. వానికి మెయిల్ ఒక్కటే తయారుచేసిన. ఫోన్ల అదే పెట్టిన, ఇంట్ల అదే పెట్టిన. ఈడ అందరికీ గట్లనే పెడ్త, ఇంటికొక్కటి సాలని. వాడు ఆడ ఏం వెతికినా ఈడ పడ్తదని చెప్పలే. చెప్పాలని తోచలే."

"వంటల వీడియో సూద్దామని పైన డబ్బల ఒత్తిన. వరుసగ కిందికి పడ్డయి."

"మరి వాడు నీతోని ఏమంటుండె?"

"మంచిగున్న, ఇయ్యాల చేపల కూర తిన్న. గంతే. నాలుగు నెల్ల సంది దినాం చేపల కూరనే."

"'ఇక్కడ మనిషి చచ్చిపోతే ఇంటోళ్లకు ఇన్సూరెన్స్ వస్తదా.'"

"ఇగ సాలు."

"దీని మీద 'హైదరాబాద్ విమానం టికెట్' ఉన్నది. నడుమ ఏం లేదు."

"నడుమ ఒకటుండె. పొద్దుగాల నేనే తీసేసిన. పక్కన చుక్కలు ఒత్తితె తీసెయ్యాల్నా అన్నది, ఔనన్న."

"అది ఈడ పోతె వాని ఫోన్ల గూడ పోతది."

"నాకేమెరుక?"

"ఏముండె అండ్ల?"

"ఇన్సూరెన్స్ సంగతి అడిగినంక మనిషి ఇంకేమడుగుతడన్నా?"

"అయినా వస్తుండు గదా. రేపు ఇంటికి వస్తుండు."

"వస్తలేడు, నేను రప్పిస్తున్న. నా రెండు కిడ్నీలు ఖరాబైనయన్న. కరీంనగర్ల డాక్టరు చెప్పిండు, ఎక్కువ దినాలు లేవన్న. ఎవల కాళ్లు వట్టుకున్నడో ఏమో, మూడో దినం టికెట్ దొరికిచ్చుకున్నడు."

"నీకు నిజంగ..."

"నాకేం రోగం లేదు. రాయి లెక్క ఉన్న."

"అబద్దమని దొరికితె?"

"కిడ్నీలది వచ్చినంక నేనే చెప్త. తిడితె పడ్త. ఇది మాత్రం చెప్పలేను. గా రాతలు సదివిన్నని తెలిస్తె ఆయన నా మొకం సూడడు. ఆయన రోషం నీకెరికే గదా."

"ఎరికే. సారు ఒక్క మాటన్నడని బడే ఇడిసిండు. వాని ఎనుక నేను."

"గందుకే తీసెయ్యమంటున్న."

"తీస్త. ఊకె తీస్తె పోదు, మల్ల ఎక్కిస్తె మల్ల అన్నీ వస్తయి. ముందుగాల వాని ఖాతాకెళ్లి బయటికి రావాలె. గప్పుడు ఈడ తుడిసినా వాని ఫోనుకు తెల్వది. బ్రౌజర్ తీస్తుంటె, లోపలున్నదంత గూడ తీసెయ్యాల్నా అని అడుగుతది, దానికి టిక్కు కొట్టాలె. ఆఖరికి ఎన్కకు మిగిలిన ఫోల్డర్."

"ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు. చెల్లె, నేను ఇందాక అన్న మాటలు..."

"అవి పోనియ్. ఒత్తు."

"ఒత్తుతున్న. ఆగు."

"ఏమైంది?"

"పైన కొత్తయి పడ్డయి."

"ఎప్పటియి?"

"గిప్పటియే. మనం మాట్లాడుతుంటె పడ్డయి."

"మల్ల గదేనా? అన్నా, మల్ల గదే అడుగుతుండా?"

"ముందుగాల కూసో."

"కూసోను. సదువు."

"'భర్త కిడ్నీ భార్యకు ఇయ్యచ్చా.'"

"ఇంకేమున్నది?"

"దాని మీద ఇంకోటి. 'ఒక్క కిడ్నీతోని మనిషి ఎన్నేండ్లు బతుకుతడు.'"

"ఎన్నేండ్లు అనే ఉన్నదా?"

"ఎన్నేండ్లు అనే ఉన్నది."

"ఇంకోపారి సదువు."

"'ఒక్క కిడ్నీతోని మనిషి ఎన్నేండ్లు బతుకుతడు.' ఏం చెయ్యమంటవ్ నర్మదా, ఖాతాకెళ్లి బయటికి రావాల్నా? రేపు వాడు గీ పెట్టె ముంగట కూసుంటడు."

"కూసోనియ్యన్నా. తీగ గుంజకు. ఇంకేమడుగుతడో సూస్త."