అక్క బొమ్మకు చెల్లెలు పెట్టిన చేతులు

మ్యూజియంలో పేరుమోసిన నాట్యకత్తె మైనపు బొమ్మ నిలబెట్టారు. ఆవిడ చెల్లెల్ని పిలిపించి, బొమ్మ చేతులు ఎలా ఉండాలో సరిచేయమన్నారు. ఆమె సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసుకుంది.

"భలే ఉందమ్మా! ఇంతకీ ఇది ఏ భంగిమ?" అన్నాడు అధికారి.

"నాట్యంలో ఆఖరి ఘట్టం. దొంగ పట్టుబడిపోయి, తప్పయిపోయింది క్షమించమని వేడుకుంటుంది. ఆ నాట్యం మా అమ్మ కూర్చింది."

"అమ్మగారా? అంతా తన సొంతమని మీ అక్కగారు చెప్పారే!"

"ఎప్పట్నుంచో అదే చెబుతోందిలెండి. మంచాన పడ్డ అమ్మ ఆ మాట టీవీలో విని, గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు."

అధికారి గొంతు తగ్గించాడు. "రేపు తెర తీసేది మీ అక్కగారే. చూశారంటే నామీద విరుచుకుపడతారు. చేతులు మార్చమంటే ఏం చెయ్యను?"

"మార్చండి. కానీ ఎందుకు మార్చాలో అందరి ముందూ అడగండి. చెప్పాలంటే ముందు అమ్మ పేరెత్తాలి."

"నోరు మెదపకపోతే?"

ఆమె మళ్లీ దగ్గరికెళ్లి, బొమ్మ తలను ఇంకాస్త కిందికి వంచింది.

"మీ మ్యూజియానికి సోమవారం సెలవేమో. ఇలా క్షమించమని వేడుకునే ఈ బొమ్మకు ఆ రోజు కూడా లేదు."