రెండో బొమ్మ

ఎల్బీనగర్‌లో ఒక కాలేజీ మేడ మీది గది. కిటికీ దగ్గర గడ్డిఅన్నారం వైపు తిప్పిపెట్టిన లేజరు. పరిశోధన చేసే గౌతమ్, ఆటో నడిపే సాలోమోను.

"కెమెరా కాదని చెప్తున్నాగా సాలోమోను గారూ. ఇందులో మీ తమ్ముడు కనపడడు."

"గింత పెద్ద మిషిన్‌కు మనిషి కనవడడా? స్టీఫెన్ ఆ అపార్టుమెంటు మీదికెల్లి పడ్డ పూట మీ లైటు అటే కొడుతుండెనంట గద. పక్క బిల్డింగు వాచ్‌మన్ లింగస్వామి చెప్పిండు."

"కొట్టిందండీ. కానీ దీనికున్నది ఒక్కటే కన్ను. అది బొమ్మ చూడదు. తిరిగొచ్చిన వెలుగు ఎక్కువా, తక్కువా... అంతే."

"గుడ్డిదన్నట్టు."

"దాదాపు. వెలుగుని చుక్కలు చుక్కలుగా వేస్తాం, ప్రతిసారీ వేరే ముగ్గులా. ఏ ముగ్గుకి ఎంత వెలుగొచ్చిందో వేలసార్లు కలిపితే అప్పుడు బొమ్మ తేలుతుంది. ఘోస్ట్ ఇమేజింగ్ అంటారు."

"ఘోస్ట్ అంటే దయ్యం గద."

"పేరంతేనండీ."

"మావోడు దయ్యమే గద ఇప్పుడు. కనవడాలె మరి."

"అలా అనకండి. కదిలేది నిలవదు. కదలకుండా ఉన్నవే తేలతాయి. గోడ, ట్యాంకు, గురి కోసం ఆ అపార్టుమెంటు మీద మేం కట్టిన తెల్ల బోర్డు."

"మా మరదలిని, స్టీఫెన్ పెండ్లాన్ని, చర్చిల పక్కన కూసోనిస్తలేరు సార్."

"జోస్నా గారినా? ఎందుకు?"

"ఆ పొద్దుగాల వాన్ని తిట్టిందట. ఏ పని చెప్పినా సగంల ఇడిసిపెడ్తవ్, నువ్వేం మొగోనివి అని. గందుకే దునికిండంటున్నరు. ఆమె ఏడుస్తలేదు, తింటలేదు. నాకూ ఏడుపొస్తలేదు. దునికిండా, జారిండా? గదొక్కటి చెప్పుండ్రి."

"నేనెలా చెప్పగలనండీ?"

"ఆ పూట బొమ్మలు చూపియ్యుండ్రి."

"బాగా రాలేదండీ. దుమ్ము..."

"రాకపోతే రాకపాయె. చూపియ్యుండ్రి."

"ఇదిగో. ఇది ముందుది. ఎండ ఉన్నప్పటిది."

"గీ తెల్లగున్నది బోర్డా? ఒరిగింది."

"గాలికి. పిట్టగోడ అంచున కట్టాం కదా. అది ఊగుతూనే ఉంటే అంతా అలుక్కుపోయింది."

"ఇంకోటి?"

"అదీ అంతేనండీ."

"సార్."

"...ఇదిగో."

"గిది మస్తుగొచ్చింది! ట్యాంకు, పైపు, బోర్డు మీద గీతలు గూడ... ఎప్పటిది?"

"ఆ సాయంత్రానిదే."

"వాడు పడ్డంకనా?"

"పడ్డాక. నాకప్పటికి తెలీదండీ. ఒట్టు, తెలీదు."

"బోర్డు సక్కగుంది."

"టీ తెప్పించనా?"

"ఒరిగిన బోర్డు సక్కగెట్లయింది సార్? మీరు ఈడనే ఉన్నరు గద."

"ఇక్కడే ఉన్నాను."

"మీదికి పొయ్యే తలుపు తాళంచెవి స్టీఫెన్ దగ్గర్నే ఉంటది. ఆ అపార్టుమెంటుకు వాచ్‌మన్ వాడే గద."

"ఫోన్ చేశాను."

"ఎవలికి?"

"స్టీఫెన్‌కే. బొమ్మ రావట్లేదు, కాస్త బోర్డు సరిచెయ్యమన్నాను. పిట్టగోడ ఎక్కాలి సార్, రేపు చేస్తానన్నాడు. నేనే... ఇవాళే కావాలన్నాను."

"పోలీసోళ్లకు చెప్పిన్రా?"

"వాళ్లు అడగలేదు."

"వాడు ఎట్ల మాట్లాడిండు? పరేషాన్ల ఉండెనా?"

"లేదండీ. మామూలుగానే. నవ్వాడు కూడా. సరే సార్, మీ బొమ్మ కోసం ఎక్కుతా అన్నాడు."

"నవ్విండా."

"సాలోమోను గారూ, తిట్టండి. కొట్టండి. ఏదో ఒకటి చెయ్యండి."

"రెండు బొమ్మలు గీ ఫోన్ల ఎయ్యుండ్రి."

"నేనూ వస్తాను. జోస్నా గారికి నేనే చెప్తాను."

"దా, నువ్వే చెప్పు. చర్చిల అందరి ముంగట చెప్పు. జోస్నాకైతే ముందు నేను చెప్పాలె."

"ఏమని?"

"వాడు సగంల ఇడువలేదని. పూరా చేసినంకనే పడ్డడని."